సెకండ్ రియాలిటీ అప్పటికప్పుడు గీసిందా, రికార్డ్ చేసిన వీడియోనా? ఫ్యూచర్ క్రూ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

వరంగల్_వంశీ
నిన్న రాత్రి మా మేనల్లుడికీ నాకూ గంటసేపు వాదన. వాడు గేమ్ డిజైన్ కోర్సు చదువుతున్నాడు. ఫ్యూచర్ క్రూ అనే ఫిన్లాండ్ బృందం 1993లో చేసిన సెకండ్ రియాలిటీ చూపించాను. అది డెమో, అంటే బొమ్మలూ సంగీతమూ కలిపి తెర మీద ఆడించే ప్రోగ్రాం. చూసినంతసేపు చూసి, "మామయ్యా, ఇది వీడియోనే కదా, ముందే చేసి పెట్టుకుని ప్లే చేశారు, ఇందులో గొప్పేముంది" అన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

నేను దాన్ని మొదటిసారి చూసింది 1996లో, ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో. సీనియర్ ఒకాయన రెండు ఫ్లాపీల్లో తెచ్చి ల్యాబ్‌లో ఎక్కించారు. అప్పటిదాకా కంప్యూటర్ అంటే నాకు టర్బో సీ నీలం తెర, పేరోల్ ప్రోగ్రాం, అంతే. ఆ తెర మీదే పొరలు పొరలుగా రంగులు, తిరిగే ఘనాలు, చివర్లో ఒక ఊరి మీదుగా ఎగిరే ఓడ. ఆ రోజు మెస్‌కి కూడా వెళ్లలేదు.

నా ప్రశ్నలు రెండు. ఒకటి, అది నిజంగా అప్పటికప్పుడు లెక్కగట్టి గీసినదేనా? వాడికి రుజువుతో చెప్పాలి. రెండు, ఆ కుర్రాళ్లు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు, తర్వాత ఏమయ్యారు? ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా దొరుకుతోంది. మన భాషలో ఒకచోట ఉంటే బాగుండు.

నల్లకుంట_నాని
దీని గురించి వెతికితే "అసెంబ్లీలో గెలిచారు", "అసెంబ్లీలో రాశారు", "అసెంబ్లీ నిర్వహించారు" అని మూడు వాక్యాలు కనబడ్డాయి. వీళ్లు ప్రోగ్రామర్లా, ఎమ్మెల్యేలా?

మోడ్13
నాని, మూడూ నిజమే. అసెంబ్లీ అన్నది ఫిన్లాండ్‌లో జరిగే డెమో పోటీల జాతర పేరు. మొదటిది 1992 జులైలో ఎస్పో పక్కనున్న కౌనియైనెన్ అనే చిన్న ఊళ్లో జరిగింది. నిర్వహించింది అమీగా అనే ఇంటి కంప్యూటర్ మీద పనిచేసే కాంప్లెక్స్, రెబెల్స్ అనే రెండు బృందాలు, పీసీ వైపు నుంచి ఫ్యూచర్ క్రూ. ఇంకో అర్థంలో అసెంబ్లీ అంటే ప్రాసెసర్‌తో నేరుగా మాట్లాడే ప్రోగ్రామింగ్ భాష. ఆ జాతరలో, ఆ భాషలో రాసినదాంతో 1993లో గెలిచారు.

వంశీ గారి మొదటి ప్రశ్నకి చిన్న లెక్క. ఆ డెమో ఎక్కువగా నడిచేది వీజీఏ అనే అప్పటి పీసీ గ్రాఫిక్స్ పద్ధతిలో, 320 అడ్డం, 200 నిలువు, 256 రంగుల్లో. ఒక్కో చుక్కకి ఒక బైటు. అంటే ఒక్క తెర 64,000 బైట్లు. సెకనుకి 25 తెరలే అనుకున్నా 16 లక్షల బైట్లు. ఒక ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. ఒక్క సెకను వీడియోకే ఫ్లాపీ చాలదు! 8 నిమిషాలకి 760 ఎంబీ దాటుతుంది. వంశీ గారు చూసింది రెండు ఫ్లాపీల నుంచి, అందులోనే సంగీతం కూడా. మేనల్లుడికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి.

బెజవాడ_బిట్స్
లెక్క బాగుంది కానీ కుదించొచ్చు కదా? వీడియోని కుదించే ఎంపెగ్ పద్ధతి ఉండేది కదా?

మోడ్13
అప్పటి 386, 486 ప్రాసెసర్ల మీద అంత సాఫీగా విప్పే శక్తి ఎక్కడిది? అప్పట్లో అగ్గిపెట్టెంత కిటికీలో వీడియో ఆడితేనే చుట్టూ చేరి చూసేవాళ్లం.

అమీగా_అభిమాని
నేను కొంచెం అడ్డు చెప్పాలి. మ్యూనిక్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను, ఇక్కడి పాత అమీగా వాళ్లతో స్నేహం. వాళ్ల మాట ఏంటంటే, సెకండ్ రియాలిటీలో ఉన్న ప్లాస్మా (అలల్లా కదిలే రంగులు), సొరంగం, తిరుగుతూ దగ్గరయ్యే బొమ్మ, ఇవన్నీ అమీగా మీద అప్పటికే చూసినవే. పైగా అందులో ముందే లెక్కలు కట్టి పెట్టుకున్న భాగాలు చాలా ఉన్నాయి. మొదట్లో వచ్చే పేలుడు అచ్చంగా ముందే తయారుచేసిన యానిమేషనే. కాబట్టి మేనల్లుడి మాటలో కొంత నిజం ఉంది, వంశీ గారు.

వరంగల్_వంశీ
అయ్యో, మీరు కూడా వాడి పక్షమేనా!

పాత_కీబోర్డ్
పేలుడు ముందే చేసిందే, ఒప్పుకుంటాను. కానీ "ముందే లెక్క కట్టుకోవడం" అన్నదాన్ని తప్పులా చెప్పకండి. నేను 1994 నుంచి ఆరేళ్లు ఇలాంటివి రాయడానికి తంటాలు పడ్డవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

386 ప్రాసెసర్‌కి దశాంశాల గుణకారం విడిగా చిప్ పెడితే తప్ప రాదు. సైన్ విలువ ఒక్కటి కావాలంటే అది పడుకుని లేచినంత పని. అందుకని డెమో మొదలయ్యేటప్పుడే సైన్ విలువలన్నీ పూర్ణసంఖ్యలుగా ఒక పట్టికలో నింపుకుంటాం. తర్వాత కావలసినప్పుడల్లా అందులోంచి తీసుకోవడమే. చిన్నప్పుడు మనం ఎక్కాలు బట్టీ పట్టలేదా? పన్నెండో ఎక్కం వచ్చినవాడు కిరాణా కొట్లో నోటితోనే లెక్క చెబితే "నువ్వు లెక్క చెయ్యలేదు, ముందే బట్టీ పట్టావు" అంటామా?

ఆ డెమోలో గాజు కటకం బొమ్మ మీద ఎగురుతూ తిరిగే భాగం ఉంది కదా. కటకం కింద ఏ చుక్క ఎంత పక్కకి జరగాలన్నది పట్టికలో ఉంటుంది. కటకం ఎక్కడుంటే అక్కడ ఆ పట్టిక ప్రకారం వెనక బొమ్మలోంచి చుక్కలు తెచ్చి పెడతారు. పట్టిక ముందే తయారైంది, బొమ్మ మాత్రం ఆ క్షణంలో తయారవుతోంది.

గుంటూరు_గీత
@పాత_కీబోర్డ్ గారు, తిరుగుతూ దగ్గరికొచ్చే బొమ్మ గురించి కూడా ఇలాగే చెప్పండి. మా స్టూడెంట్స్‌కి చెబుతాను.

పాత_కీబోర్డ్
అది వీటన్నిటిలోకీ అందమైన ఆలోచన అమ్మా. ఒక బొమ్మని తిప్పాలంటే ఒక్కో చుక్కకీ నాలుగు గుణకారాలు కావాలి. 64,000 చుక్కలకి అది అసాధ్యం. అయితే తెర మీద ఒక చుక్క నుంచి పక్క చుక్కకి జరిగితే అసలు బొమ్మలో మనం జరిగే దూరం ఎప్పుడూ ఒక్కటే. ఏటవాలుగా జరుగుతాం, అంతే. కాబట్టి మొత్తం తెరకి ఒక్కసారి ఆ అడుగు ఎంతో లెక్క కట్టుకుంటే చాలు. తర్వాత చుక్కకి రెండు కూడికలే. అడుగు చిన్నదైతే బొమ్మ దగ్గరికొస్తుంది, పెద్దదైతే దూరమవుతుంది, ఏటవాలు మారితే తిరుగుతుంది.

కాగితం మీద ముగ్గు చుక్కలు పెట్టి, స్కేలు వంకరగా పట్టుకుని అడుగులు లెక్కపెట్టించండి. పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది.

గుంటూరు_గీత
ఎంత తేలిగ్గా చెప్పారండీ. ముగ్గుతోనే చెబుతాను.

బెజవాడ_బిట్స్
ఇదంతా సరే. చివర్లో ఊరి మీద ఎగిరేది? అది 3డీ కదా. అది కూడా అప్పటికప్పుడేనా?

మోడ్13
రెండూ కలిపి. కెమెరా ఎటు తిరగాలి, ఓడ ఎటు పోవాలి అన్న దారి ముందే తయారుచేసిన డేటా. ఆ దారి ప్రకారం భవనాల ముఖాలు ఎక్కడ పడతాయో లెక్కగట్టి రంగు నింపడం మాత్రం అప్పటికప్పుడు. మా ల్యాబ్‌లో 486 మీద వెన్నలా సాగింది, 386 మీద తెరలు కుంటుతూ వచ్చాయి. కానీ సంగీతం ఎక్కడా ఆగలేదు, సీన్లు పాటకి తగ్గట్టే మారాయి. ప్రాసెసర్ ఎన్ని తెరలు గీయగలిగితే అన్ని గీసేది, పాట మాత్రం తన దారిన తను సాగేది.

ఖమ్మం_కోడర్
2013లో సోర్స్ కోడ్ మొత్తం, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టేశారు కదా, ఇంకా ఈ వాదన ఎందుకు? డెమోకి ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా, ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చని హక్కులన్నీ వదిలేసి మరీ ఇచ్చారు. నేను తెరిచి చూశాను. ఎక్కువగా సీ, అసెంబ్లర్. ఇరవైకి పైగా భాగాలు, ఒక్కోటి ఒక్కో విడి ప్రోగ్రాం. ఫోల్డర్ పేర్లు సరదాగా ఉంటాయి. "ఆల్కు" అని ఒకటి, ఫిన్నిష్‌లో మొదలు అని. "తున్నెలి" అంటే సొరంగం. ఆ కుర్రాళ్లు ఇంట్లో మాట్లాడుకునే మాటలే పెట్టుకున్నారు. అది చూసి నాకు ముచ్చటేసింది. మనం ఎప్పుడైనా ఫోల్డర్‌కి "మొదలు" అని పేరు పెట్టామా?

నల్లకుంట_నాని
నేను పెట్టాను అన్నా. "ఫైనల్", "కొత్త ఫైనల్", "ఇదే ఫైనల్".

ఖమ్మం_కోడర్
ఇంకోటి. విడివిడి ప్రోగ్రాంలు కాబట్టి వాటిని కలిపి ఉంచడానికి డిస్ అని మెమరీలో కూర్చునే చిన్న ప్రోగ్రాం రాసుకున్నారు. ఏ భాగం ఎప్పుడు మొదలవ్వాలి, పాట ఎక్కడుంది, తెర ఎప్పుడు మారుతుంది అన్న సమాచారం భాగాలన్నీ దాన్ని అడిగి తీసుకుంటాయి. అందువల్ల ఒక్కో కోడర్ తన ఇంట్లో తన భాగం రాసుకుని, చివర్లో జోడించగలిగారు. టీంలో పని పంచుకోవడం ఎలాగో నేను దీన్ని చూసే నేర్చుకున్నాను, ఏ ఆఫీసూ నేర్పలేదు.

అమీగా_అభిమాని
రాత్రి ఆ కోడ్ కొంత చదివాను. నా మాట కొంచెం సర్దుకుంటాను. అమీగాలో బ్లిట్టర్, కాపర్ అని బొమ్మలు కదిపే చిప్‌లు విడిగా ఉండేవి. పీసీలో అవేవీ లేవు. ఉన్నది ఒక్క ప్రాసెసర్, చూపించడమే తప్ప ఏ సాయమూ చెయ్యని వీజీఏ. అమీగా వాళ్లు పీసీని ఆఫీసు డబ్బా అని వెక్కిరించేవాళ్లు. ఆ డబ్బా మీద ఇది చెయ్యడం వేరే సంగతి, ఒప్పుకుంటున్నాను.

కానీ సొగసు విషయంలో మాత్రం తగ్గను. నార్వే వాళ్ల స్పేస్‌బాల్స్ బృందం 1992 డిసెంబర్లో డెన్మార్క్‌లో ద పార్టీ అనే జాతరలో స్టేట్ ఆఫ్ ది ఆర్ట్ అని అమీగా డెమో చూపించి గెలిచింది. ఒక అమ్మాయి డాన్స్ చేస్తుంటుంది, నీడబొమ్మలా, రంగుల్లో. అందులో లెక్కలు తక్కువ, లయ ఎక్కువ. కోడర్లు చాలామంది "ఇది డెమో కాదు, యానిమేషన్" అని మండిపడ్డారు. జనం మాత్రం దానికే పట్టం కట్టారు.

పాత_కీబోర్డ్
చూశారా, అక్కడా అదే తగువు! నిజానికి అది కూడా వీడియో కాదు. డాన్స్‌ని అంచుగీతలుగా మార్చి, ఆ గీతల మూలల్ని మాత్రం దాచుకుని, ఆడేటప్పుడు లోపల రంగు నింపుతారు. తోలుబొమ్మలాటలో తెర వెనక బొమ్మని ఆడించినట్టు.

నాకు మన సురభి నాటకాలు గుర్తొస్తాయి. తాళ్లు, తెరలు, మందుగుండు, అన్నీ ముందే కట్టి ఉంచుతారు. అయినా ఎదురుగా నిలబడిన నటుడు ఆ క్షణంలోనే గాల్లోకి లేస్తాడు. తాడు ముందే కట్టారు కాబట్టి ఇది సినిమా అనం కదా. వంశీ గారి మేనల్లుడికి నేనైతే ఇదే చెబుతాను. తాడు కట్టడం వేరు, రీలు తిప్పడం వేరు.

వరంగల్_వంశీ
ఈ మాట చాలు సార్. వాడు చిన్నప్పుడు సురభి చూసి భయపడి నా ఒళ్లో దాక్కున్నాడు.

ఇక రెండో ప్రశ్న. ఎవరు వీళ్లు?

ఎస్పో_తెలుగు
దీనికి నేను చెబుతాను. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉన్నాను, వాళ్ల ఊళ్ల మధ్యనే.

1980ల్లో ఇక్కడ ఇంటింటా కమోడోర్ 64 అనే చిన్న కంప్యూటర్. ఫ్యూచర్ క్రూ కూడా మొదట దాని మీదే పుట్టింది. 1988 ప్రాంతంలో పీసీకి మారారు. అప్పటికి పీసీ అంటే "బీప్" అనే స్పీకరూ, నాలుగు రంగులూ. అందరూ అమీగా కొంటుంటే వీళ్లు ఎవరికీ పట్టని యంత్రాన్ని పట్టుకున్నారు.

సై అనే మారుపేరుతో సామి తమ్మిలెహ్తో, ట్రగ్ అనే మికా తువోమి కోడ్ రాసేవాళ్లు. గోర్ అంటే సామూలి స్యూవాహువోకో, అన్నీ సమకూర్చేవాడు. పర్పుల్ మోషన్ పేరుతో యొన్నే వాల్తోనెన్, స్కావెన్ పేరుతో పీటర్ హైబా సంగీతం. పిక్సెల్ పేరుతో బొమ్మలు వేసిన మికో ఇహో. అబిస్ అంటే యుస్సి లాక్కోనెన్, అసెంబ్లీ జాతరని ఏళ్ల తరబడి నడిపించిన మనిషి. ఇంకా ఉన్నారు, అందరినీ రాయడం లేదు. అందరూ స్కూలు, కాలేజీ వయసువాళ్లే.

1992 వేసవిలో వాళ్ల అన్‌రియల్ అనే డెమో వచ్చింది. పీసీ మీద ఇంత చెయ్యొచ్చా అని అందరూ తిరిగి చూసింది దాంతోనే. అదే ఏడాది చివర ద పార్టీలో పానిక్ చూపించి రెండో స్థానం తెచ్చుకున్నారు. 1993 వేసవిలో కెరవా అనే ఊళ్లో జరిగిన రెండో అసెంబ్లీలో సెకండ్ రియాలిటీ గెలిచింది. పేరులో "సెకండ్" ఎందుకంటే ఇది అన్‌రియల్‌కి కొనసాగింపు. సోర్స్‌లో కొన్ని భాగాలకి ఉన్న "యు2" అన్న గుర్తు కూడా అదే, అన్‌రియల్ 2 అని. జాతరలో చూపించిన తర్వాత కూడా సరిదిద్దుతూ కూర్చున్నారు. జనం చేతికి వచ్చేసరికి అక్టోబర్.

బెజవాడ_బిట్స్
అన్‌రియల్ అంటే తర్వాత వచ్చిన తుపాకుల గేమేనా?

ఖమ్మం_కోడర్
కాదు బ్రో. ఆ గేమ్ 1998లో, అమెరికా వాళ్లది. పేరొక్కటే కలిసింది.

గుంటూరు_గీత
అందరూ బొమ్మల గురించే మాట్లాడుతున్నారు. నాకు ఫ్యూచర్ క్రూ అంటే సంగీతమే. మా అన్నయ్య స్క్రీమ్ ట్రాకర్ అనే పాటలు రాసే ప్రోగ్రాం తెచ్చాడు, 1995లో అనుకుంటా. అది కూడా వీళ్లదే, సై రాసింది. మొదట తమ పాటల కోసం రాసుకుని తర్వాత అందరికీ ఉచితంగా ఇచ్చేశారు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ట్రాకర్‌లో పాట అంటే రికార్డింగ్ కాదు. ఒక్కో వాద్యం నుంచి ఒక చిన్న ముక్క ఉంటుంది. ఏ ముక్క, ఏ స్వరంలో, ఎప్పుడు మోగాలి అని పైనుంచి కిందికి వరసలు రాస్తాం. మన స్వరలిపి లాగే, కాకపోతే నిలువుగా. 1987లో అమీగా మీద మొదలైన పద్ధతి ఇది, నాలుగు చానళ్లతో. స్క్రీమ్ ట్రాకర్ 3 వచ్చేసరికి పదహారు చానళ్లలో వాద్యపు ముక్కలు వాడుకోవచ్చు. అందుకే అంత పాట కొన్ని వందల కిలోబైట్లలో సరిపోయేది.

మా అమ్మ వీణ మీద షడ్జమం ఒక్కటి మీటితే మైకులో పట్టి అందులో వేశాను. అన్ని స్వరాలూ పలికాయి కానీ ప్రాణం లేదు, గమకం లేదుగా. తర్వాత తెలిసింది, పక్క గడిలో జీ అని రాస్తే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది, హెచ్ అంటే కంపిస్తుంది. నెల రోజులు కూర్చుని ఒక మోహన వర్ణం పల్లవి రాశాను. అమ్మ విని "రిషభం కొంచెం తొందరపడింది" అంది. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నాకు ఈ జన్మలో రాలేదు.

ఎస్పో_తెలుగు
గీత గారు, ఆ ఫైల్ ఉందా? ఉంటే దయచేసి ఇక్కడ పెట్టండి.

గుంటూరు_గీత
ఫ్లాపీ ఉంది. చదివే డ్రైవ్ లేదు. బూజు పట్టకుండా డబ్బాలో బియ్యపు మూట పెట్టి దాచాను.

ఖమ్మం_కోడర్
యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ నా దగ్గర ఉంది మేడం. వచ్చే నెల గుంటూరు వస్తున్నాను, తెస్తాను. అప్పటిదాకా దాన్ని ఏ డ్రైవ్‌లోనూ పెట్టకండి.

అమీగా_అభిమాని
సంగీతం దగ్గర నేను చేతులెత్తేస్తాను. సెకండ్ రియాలిటీలో పర్పుల్ మోషన్, స్కావెన్ ఇద్దరి సంగీతమూ ఉంది, ఎవరిది ఎక్కడ మొదలవుతుందో చెవికి తెలిసిపోతుంది. యొన్నే వాల్తోనెన్ తర్వాత ఏం చేశాడో తెలుసా? పెద్ద సింఫనీ వాద్యబృందాలకి స్వరరచన. 2008లో కొలోన్‌లో జరిగిన సింఫోనిక్ షేడ్స్ కచేరీలో క్రిస్ హ్యూల్స్‌బెక్ గేమ్ సంగీతాన్ని వాద్యబృందానికి మలిచింది ఆయనే. మరుసటి ఏడాది సింఫోనిక్ ఫాంటసీస్ కూడా. పదహారు నిలువు వరసల్లో రాసుకున్న కుర్రాడు నిండు ఆర్కెస్ట్రాకి రాశాడు.

నల్లకుంట_నాని
మరి స్కావెన్?

మోడ్13
రంగురాళ్లు కలిపే బిజువెల్డ్ ఆట ఆడారా? అందులో సంగీతం పీటర్ హైబాదే.

నల్లకుంట_నాని
మా పిన్ని మధ్యాహ్నం పూట నిద్ర మానేసి ఆడేది అది! ఇంట్లో అందరికీ ఆ ట్యూన్ కంఠతా వచ్చు. ఈ సంగతి పిన్నికి ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను.

బెజవాడ_బిట్స్
డెమోలో ఒక మగ గొంతు "నేను అటామిక్ ప్లేబాయ్‌ని కాను" అంటుంది కదా, అది ఎవరిది?

పాత_కీబోర్డ్
అమెరికా నౌకాదళ వైస్ అడ్మిరల్ విలియం బ్లాండీ. 1946లో బికినీ దీవుల దగ్గర అణుబాంబు పరీక్షలు నడిపించిన అధికారి, తనని విమర్శించినవాళ్లకి జవాబుగా అన్న మాట. కుర్రాళ్లు దాన్ని ముక్కగా కోసి పాటలో వేశారు.

వరంగల్_వంశీ
ఇన్నేళ్లూ అది ఏదో సినిమా డైలాగ్ అనుకున్నాను. ఇప్పుడు వింటే వేరేలా వినబడుతోంది.

తర్వాత బృందం ఎందుకు ఆగిపోయింది? గొడవలా?

ఎస్పో_తెలుగు
గొడవని నేనెక్కడా చదవలేదు. సెకండ్ రియాలిటీ తర్వాత అంత పెద్ద డెమో మళ్లీ రాలేదు. 1994 తర్వాత బృందంగా పని తగ్గిపోయింది. వయసు వచ్చింది, పనులు వచ్చాయి.

1995లో రెమెడీ అనే గేమ్ కంపెనీ మొదలైంది. ఫ్యూచర్ క్రూ మనుషులు దానికి మూలం. సామూలి వాళ్ల అమ్మానాన్నల ఇంటి కింద నేలమాళిగలో పని మొదలుపెట్టారు. 1996లో డెత్ రాలీ, 2001లో మాక్స్ పేన్. మధ్యలో 1997లో ఫైనల్ రియాలిటీ అని, కంప్యూటర్ గ్రాఫిక్స్ వేగం కొలిచే ప్రోగ్రాం చేశారు. పేరు చూడండి! ఆ కొలిచే పని విడిపోయి ఫ్యూచర్‌మార్క్ అయింది. 3డీమార్క్ అందరికీ తెలుసు కదా, అదే. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నవాడు మొదట నడిపేది అదే.

ఖమ్మం_కోడర్
ఇంకో కొమ్మ ఉంది. ట్రగ్, అంటే మికా తువోమి, బిట్‌బాయ్స్ అనే కంపెనీలో గ్రాఫిక్స్ చిప్‌లు రూపొందించాడు. పీసీ కోసం చెప్పిన చిప్ ఒకటి ఎన్నేళ్లయినా బజారుకే రాలేదు, దానికి లోకం చాలా మాటలంది. తర్వాత వాళ్లు ఫోన్ చిప్‌ల వైపు మళ్లారు. 2006లో గ్రాఫిక్స్ చిప్‌లు చేసే ఏటీఐ ఆ కంపెనీని కొంది, ఏటీఐని ఏఎండీ కొంది, 2009లో ఆ ఫోన్ గ్రాఫిక్స్ విభాగం ఫోన్ చిప్‌లు చేసే క్వాల్‌కామ్ చేతికి వెళ్లింది. క్వాల్‌కామ్ గ్రాఫిక్స్ పేరు అడ్రీనో. మన ఫోన్ల వివరాల్లో ఆ పేరు చూసే ఉంటారు. ఆ వంశవృక్షంలో ఫ్యూచర్ క్రూ కోడర్ కూడా ఒకడున్నాడు.

మోడ్13
నాకు ఇక్కడే ఒక బాధ. 1996లో మా బ్యాచ్‌లో కూడా అలాంటి పిల్లలున్నారు. టర్బో సీలో బొమ్మలు గీసే బీజీఐ డ్రైవర్ నత్తనడక నడుస్తోందని, దాన్ని పక్కనబెట్టి ఏ000 అనే మెమరీ చిరునామాలోకి నేరుగా బైట్లు రాసి తెర నింపిన కుర్రాడు నా రూమ్మేటే. కాలేజీ ల్యాబ్‌లో అది చూసి "సిలబస్‌లో లేనివి చేస్తే కంప్యూటర్ పాడవుతుంది" అని వాడి ఫ్లాపీ తీసేసుకున్నారు. వాడు మళ్లీ ఆ జోలికి పోలేదు. ఇప్పుడు బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో మంచి స్థాయిలో ఉన్నాడు, సంతోషమే. కానీ వాడు గీసిన మంట నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. తెర అడుగు వరసలో యాదృచ్ఛికంగా చుక్కలు చల్లి, పై వరసల్లో సగటు తీస్తూ పోతే నిజంగా మంట లేచింది.

అమీగా_అభిమాని
ఫిన్లాండ్‌లో మాత్రం స్కూళ్లు ప్రోత్సహించాయా ఏంటి? అక్కడా ఇంట్లో తిట్లు తిని ఉంటారు.

ఎస్పో_తెలుగు
స్కూళ్ల సంగతి కాదు. వాళ్లకి చూసేవాళ్లున్నారు, అది తేడా. ఫోన్ లైన్ మీద కలిసి ఫైళ్లు, మెసేజ్‌లు పంచుకునే బీబీఎస్‌లుండేవి. వీళ్లదే స్టార్‌పోర్ట్ అని ఒకటి. ఏడాదికోసారి జాతర. నేను ఒకసారి హెల్సింకీలో అసెంబ్లీకి వెళ్లాను. హాలంతా చీకటి, ఎవరి కంప్యూటర్ వాళ్లే మోసుకొచ్చుకుని, పడుకునే సంచులతో సహా. పోటీ మొదలవగానే వేలమంది తెర వైపు తిరిగారు. ప్రోగ్రాం మొత్తం 64 కిలోబైట్లు దాటకూడదన్న పోటీలో ఏదో మంచి ఎఫెక్ట్ వచ్చినప్పుడు హాలు మొత్తం ఒక్కసారి కేక పెట్టింది. గోల్ కొట్టినప్పుడు కూడా అలాంటి కేక వినలేదు. మీ రూమ్మేట్ మంటకి అలాంటి కేక ఒక్కటి వినబడి ఉంటే!

2020 ఏప్రిల్లో ఫిన్లాండ్ డెమోసీన్‌ని, అంటే ఈ డెమోల లోకాన్ని, తన సజీవ సంస్కృతి వారసత్వ జాబితాలో చేర్చుకుంది. మరుసటి ఏడాది జర్మనీ కూడా. ఫిన్లాండ్ జాబితాలో వాళ్ల సౌనా, అంటే ఆవిరి స్నానం, కూడా ఉంది. దాంతో సమానంగా!

గుంటూరు_గీత
64 కిలోబైట్లే అని హద్దు పెట్టుకుని అందులో గెలవడం అంటే అవధానంలో నిషిద్ధాక్షరి గుర్తొస్తోంది నాకు. ఈ అక్షరం వాడకూడదు, అయినా పద్యం నడవాలి.

పాత_కీబోర్డ్
చిన్న సవరణ అమ్మా. అవధాని అక్కడికక్కడే చెప్పాలి, వీళ్లు నెలలు కూర్చుంటారు. కానీ హద్దులో అందం అన్నది నిజం. అలాంటి హద్దులోనే 1997లో స్మాష్ డిజైన్స్ అనే బృందం సెకండ్ రియాలిటీని తిరిగి కమోడోర్ 64 మీదకి తెచ్చింది. ఒక మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 64 కిలోబైట్ల మెమరీ. ఫ్యూచర్ క్రూ బయలుదేరిన ఊరికే వాళ్ల డెమో తిరిగి చేరింది.

ఖమ్మం_కోడర్
@మోడ్13, మీ రూమ్మేట్‌కి ఈ చర్చ లింక్ పంపండి.

మోడ్13
పంపాను. చదివాడట. "సగటు తీసేటప్పుడు ఒకటి తగ్గించాలి, లేకపోతే మంట పైదాకా పోతుంది, అది రాయలేదేం" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లయినా మర్చిపోలేదు.

వరంగల్_వంశీ
అందరికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. నిన్న సాయంత్రం, పాత డాస్ ప్రోగ్రాంలు ఆడించే డాస్‌బాక్స్‌లో నడిపి మేనల్లుడిని పక్కన కూర్చోబెట్టాను. ముందు ఫ్లాపీ లెక్క వేయించాను. వాడే గుణించి, "760 ఎంబీనా?" అని రెండోసారి గుణించాడు. తర్వాత పాత_కీబోర్డ్ గారు చెప్పిన కూడికల పద్ధతి వాడి భాషలో, వాడి ల్యాప్‌టాప్‌లో రాయమన్నాను. మూడు గంటలు పట్టింది. మొదటిసారి బొమ్మ తిరగడానికి బదులు పక్కకి సాగిపోయింది. అడుగు తప్పు పడిందని వాడే పట్టుకున్నాడు.

ఇందాక రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు. "మామయ్యా, కటకం పట్టిక ఎలా నింపాలి?" అని. పాత_కీబోర్డ్ గారూ, ఉన్నారా?

పాత_కీబోర్డ్
ఉన్నాను. వృత్తం వ్యాసార్ధం ఎంత పెట్టాడో అడగండి, అక్కణ్ణుంచి మొదలుపెడదాం.